పూడిమడక నుంచి ఒంటరిగా

నీళ్లు మోకాళ్లకు తగులుతున్నాయి. సంక్రాంతి వెళ్లి ఎన్నో రోజులు కాలేదు. ఒడ్డున చలి వణికిస్తోంది, నీళ్లు మాత్రం గోరువెచ్చగా ఉన్నాయి. రాత్రంతా నేల చల్లారిపోయింది, సముద్రం అంత తొందరగా చల్లారదు.

నీ రెండు చేతులూ బోటు అంచు మీద ఉన్నాయి. అయిదు మీటర్ల ఫైబర్ బోటు. వెనక 25 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజను. ఫ్యాన్‌రెక్కలు ఇసుకకు తగలకుండా దాన్ని పైకెత్తి పెట్టావు. అటూ ఇటూ పూడిమడక జాలర్లు తెప్పలు దించుకుంటున్నారు. ఒక్కో తెప్పకి ముగ్గురు, నలుగురు. నీ బోటుకి నువ్వొక్కడివే. అందుకే ఓ ముసలాయన తన పని ఆపి వచ్చి నీ పక్కన భుజం ఆనించాడు.

"ఏ ఊరు బాబూ?"

"మాడుగుల, తాతా."

"కొండ కింద ఊరు. మరి సముద్రం మీద ఏటి పని?"

"పనేం లేదు. ఊరికే తిరిగొస్తాను."

"నీతో ఎవులూ రాట్లేదా?"

"లేదు. ఒక్కడినే."

ఆయన నీ లైఫ్ జాకెట్ పట్టీ పట్టి ఒకసారి గట్టిగా లాగి చూస్తాడు. "ఒక్కడివే అయితే, పడితే తీసేవోడు లేడు. పడకు."

చూసుకోవాల్సినవన్నీ ఒడ్డునే చూసుకున్నావు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర సూచన రాత్రే చదివావు. కెరటం మీటరు లోపే, మధ్యాహ్నానికి గాలి పెరుగుతుంది. పదింటికల్లా రాకపోతే 1554కి ఫోన్ చెయ్యమని ఒడ్డున ఉన్న స్నేహితుడికి చెప్పావు. అది కోస్ట్‌గార్డ్ నంబరు. నడుముకి కత్తి, కత్తికి తాడు. భుజానికి చేతి వైర్‌లెస్ సెట్టు, ఎప్పుడూ 16వ చానల్ మీదే. ట్యాంకులో పాతిక లీటర్ల పెట్రోలు. అందులో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది సముద్రం మనసు మారితే వాడుకోవడానికి.

ఇప్పుడు కెరటాలు చూడు.

ఒకటి విరిగింది. ఇంకొకటి. మూడోది ఛాతీ ఎత్తున లేచి నురగై వచ్చి బోటు ముక్కుని నీ చేతుల్లోంచి లాక్కోబోయింది. ఎక్కడెక్కడి గాలులో లేపిన అలలు కలిసి వస్తున్నాయి ఇవి. కలిసినచోట పెద్దవవుతాయి, కలవనిచోట చిన్నబోతాయి. అందుకే పెద్దవి గుంపుగా వచ్చి వెళ్లాక కాసేపు సందు దొరుకుతుంది. ఆ సందులో దాటాలి. ముందు తోస్తే విరిగే కెరటం కింద పడతావు. ఆలస్యమైతే వెనకాల గుంపు వచ్చేస్తుంది.

"ఆగు," అంటాడు తాత. "ఆగు. ఇంకోటుంది."

అది వచ్చి విరిగి వెళ్లింది.

"ఇప్పుడు. తొయ్యి!"

తోస్తావు. నీళ్లు తొడలకి, నడుముకి వచ్చాయి. ఎగిరి లోపలికి దొర్లు. లేచి వెనక్కి వెళ్లు. ఇంజను దించు. ఎర్ర మెలికల తాడు మణికట్టుకి తగిలించు. లాగు. దగ్గి ఆగింది. ముక్కు పక్కకి తిరుగుతోంది. పక్కకి తిరిగితే బోల్తానే. మళ్లీ లాగు. అంటుకుంది! గేరు వెయ్యి. హ్యాండిల్ తిప్పు. ముక్కు నేరుగా కెరటానికి పెట్టు.

బోటు పైకి లేస్తుంది. ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. శిఖరం మీద రేజ్ తగ్గించు, లేకపోతే అవతల గాల్లోంచి పడతావు. తగ్గించావు. బోటు కడుపు నీటి మీద చప్పుడుతో కూర్చుంది. ఇంకొకటి వచ్చింది, చిన్నది. దాటావు.

వెనక్కి తిరిగి చూస్తే తాత అప్పుడే తన తెప్ప వైపు నడుస్తున్నాడు.

ఊపిరి తీసుకుని ఇంజను వెనక చూడు. సన్నటి నీటిధార పక్కకి చిమ్ముతోంది. అది చిమ్ముతున్నంతసేపూ ఇంజను తనను తాను చల్లబరుచుకుంటున్నట్టే. ధార ఆగితే నువ్వూ ఆగాలి. ఒంటరిగా ఉన్నప్పుడు కన్ను పది నిమిషాలకోసారి అటు వెళ్లాలి, ఇంకెవరూ చూడరు.

మణికట్టు మీద ఎర్రతాడు రెండో కొస ఇంజను స్విచ్చికి ఉంది. నువ్వు పడితే తాడు ఊడుతుంది, ఇంజను ఆగుతుంది. తాడు లేకుండా పడితే బోటు నువ్వు లేకుండానే పోతుంది. లేదా హ్యాండిల్ పక్కకి వాలి గుండ్రంగా తిరుగుతూ ఫ్యాన్‌తో సహా నీ మీదికే వస్తుంది. ఒంటరిగా బోటు నడిపేవాళ్లకి ఈ తాడును మించిన వస్తువు లేదు. ఇంధనం లేకపోతే తెడ్డు వెయ్యొచ్చు. తాడు లేకపోతే ఏమీ చెయ్యలేవు.

ఇక ఎటు వెళ్లాలి?

ఎవర్నీ అడగక్కర్లేదు. ఈ పొద్దుటి మొదటి సుఖం ఇదే. నైరుతిగా రాంబిల్లి దగ్గర నేవీ స్థావరం ఉంది, అటు వద్దు. ఈశాన్యంగా తీరం వెంట వెళ్తే ముత్యాలమ్మపాలెం, ఇంకా పైకి గంగవరం పోర్టు. ఎదురుగా ఆగ్నేయానికి ఏమీ లేదు. నీళ్లు, ఆ నీళ్ల అంచున అప్పుడే పైకొస్తున్న సూర్యుడు. హ్యాండిల్ కుడికి తోస్తే ముక్కు ఎడమకి తిరుగుతుంది, ఎడమకి తోస్తే కుడికి. మొదటి నిమిషం బుర్ర ఆలోచిస్తుంది. తర్వాత చెయ్యే నేర్చేసుకుంటుంది. ముక్కుని ఏమీ లేనివైపు పెడతావు.

ముందు తెప్పలు దాటాలి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల మేర నీళ్లని ఆంధ్రప్రదేశ్ చట్టం సంప్రదాయ తెప్పలకి వదిలింది, పెద్ద మరబోట్లు ఇక్కడ వేటాడకూడదు. ఒక తెప్ప మీద ఇద్దరు వల వదులుతున్నారు. రేజ్ తగ్గించి దూరంగా చుట్టి వెళ్తావు, నీ వెనక లేచే అల వాళ్ల కాళ్ల కింద తెప్పని కదపకుండా. వల వదులుతున్న మనిషి తలెత్తకుండానే ఒక చెయ్యి ఎత్తుతాడు. నువ్వూ ఎత్తుతావు. అంతే మాట్లాడుకోవడం.

తెప్పలన్నీ వెనక పడ్డాయి. ఇప్పుడు రేజ్ చెయ్యి.

హ్యాండిల్ పిడి మెల్లగా, పూర్తిగా తిప్పు. ముక్కు లేస్తుంది. మరీ లేస్తుంది, ముందు ఏముందో కనిపించదు. ఇంజను గట్టిగా మూలుగుతుంది, వేగం మాత్రం రాదు. ఎందుకంటే బోటు ఇంకా తన అలని తానే ఎక్కలేక దాని వెనక ఈదుతోంది. నువ్వు వెనక కూర్చున్నావు, ముందు బరువు లేదు. అందుకే ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా, లంగరు ముందు భాగంలో కట్టి పెట్టావు. నువ్వు కూడా కాస్త ముందుకి వంగు. ఇంకొంచెం. పిడి వదలకు.

ముక్కు దిగింది.

మట్టిరోడ్డు మీద ఈడ్చుకుంటూ వచ్చిన ఎడ్లబండి ఒక్కసారి తారురోడ్డు ఎక్కినట్టుంది. మూలుగు పోయి సన్నటి పాట మొదలైంది. బోటు నీళ్లలో లేదు, నీళ్ల పైన ఉంది. కడుపులో వెనక భాగం మాత్రమే తగులుతోంది. అదే పెట్రోలు, అదే ఇంజను, కానీ నీళ్లు అడ్డు తప్పుకున్నాయి. వెనక తెల్లటి దారి సాఫీగా, తిన్నగా పరుచుకుంది. నలుగురు ఎక్కితే ఈ ఇంజనుకి ఇది చేతకాదు. నువ్వొక్కడివే కాబట్టి లేచింది.

గంటకి ముప్పై కిలోమీటర్లు దాటి ఉంటుంది. చోడవరం రోడ్డు మీద ఆ వేగంతో వెళ్తే ఆటోవాళ్లు హారన్ కొడతారు. ఇక్కడ నీ మోచేతికి అడుగున్నర దూరంలో నీళ్లు పరుగెడుతున్నాయి. అద్దం లేదు, తలుపు లేదు. చిన్న అల తగిలితే అరికాళ్లలో తెలుస్తుంది, పెద్దది తగిలితే పళ్లలో తెలుస్తుంది. మోకాళ్లు వదులుగా ఉంచుకోవాలని శరీరం తనే కనిపెట్టింది. ఎదురుగా నీటి రంగు కొంచెం ముదిరి కనిపిస్తే అక్కడ గాలి గట్టిగా ఉన్నట్టు. అది నీ దగ్గరికి రాకముందే చెయ్యి రేజ్ తగ్గించేసింది.

నలుగురితో షికారు మంచిదే. రుషికొండలో డబ్బు కట్టి ఎక్కితే ఒకరు నడిపి తిప్పి తెస్తారు, నువ్వు సముద్రాన్ని చూసి వస్తావు. ఇక్కడ ప్రతి అలకీ నువ్వే జవాబు చెప్పాలి. చెప్పిన మరుక్షణం ఒప్పో తప్పో నడుముకి తెలిసిపోతుంది. ఆఫీసులో నువ్వు తీసుకున్న నిర్ణయం ఫలితం ఏడాదికి కూడా తెలియదు. ఈ తొందర జవాబు కోసమే మనిషి ఒంటరిగా సముద్రం మీదికి వస్తాడని నాకు అనిపిస్తుంది.

కుడిపక్క నీళ్లలోంచి వెండి ముక్కలు లేచాయి. ఎగిరే చేపలు. రెక్కలు ఆడించవు, చాచి ఉంచుతాయి. నీ బోటుని ఏదో పెద్ద చేప అనుకుని గాల్లోకి పారిపోతున్నాయి. ఒకటి తోకతో నీళ్లని కొట్టి, మళ్లీ లేచి, మళ్లీ సాగింది. అరుస్తావు. పక్కన ఎవరైనా ఉంటే అరిచేవాడివి కాదు.

ఇరవై నిమిషాలయ్యాక ఇంజను ఆపు.

ముందు చెవుల్లో గుయ్యిమంటుంది. తర్వాత ఒక్కొక్కటే వినిపిస్తాయి. బోటు పక్కన నీటి చప్పుడు. ట్యాంకులో పెట్రోలు కదలడం. నీ ఊపిరి. ఒడ్డు పది కిలోమీటర్ల అవతల సన్నటి గీత. సరుగుడు తోటలు కూడా విడిగా తెలియడం లేదు. సింహాద్రి థర్మల్ పొగగొట్టాలు మాత్రం నిలబడి ఉన్నాయి, ఈ తీరంలో దారి తప్పినవాడికి అవే గుర్తు. ఒడ్డు దగ్గర ఆకుపచ్చగా, మసకగా ఉన్న నీళ్లు ఇక్కడ నీలం. అంచు మీంచి వంగి చూస్తే వెలుగు గీతలు ఒకచోటికి దిగి కలుస్తున్నాయి. అడుగు కనిపించదు.

ఇవి సూర చేపల నీళ్లు, కొమ్ముకోనాం నీళ్లు. 2022 ఫిబ్రవరిలో ముత్యాలమ్మపాలెం జాలరి ఒకరు ఆ చేప కొమ్ము పోటుకే ప్రాణం పోగొట్టుకున్నాడు. కింద ఏముందో తెలియని నీటి మీద ఒక వేలు మందం ఫైబర్, దాని మీద నువ్వు. ఆ సంగతి గుర్తొచ్చి చెయ్యి లోపలికి తీసుకుంటావు.

ఉఫ్ మని చప్పుడు. వెనక్కి తిరుగు. మనిషి ఊపిరి విడిచినట్టే ఉంది కానీ మనిషి లేడు. పది అడుగుల అవతల తాబేలు తల. ఆలివ్ రిడ్లే. ఈ రోజుల్లో గుడ్లు పెట్టడానికి తీరానికి వస్తాయి. నిన్ను ఒక కంటితో చూసి, ఇంకో ఊపిరి తీసుకుని, తొందరేమీ లేకుండా దిగిపోయింది.

సంచిలోంచి హల్వా పొట్లం తీస్తావు. మీ ఊరిది. వేళ్లకి ఉప్పు, నోట్లో నెయ్యి, గోధుమపాల తీపి. తింటూ ఒడ్డు వైపు చూస్తే, పొగగొట్టాలకి చాలా వెనకాల, చాలా పలచగా ఇంకో గీత. తూర్పు కనుమలు. గాలి శుభ్రంగా ఉన్న పొద్దుట ఇంత దూరం నుంచి కూడా కనిపిస్తాయి. ఆ గీతలో ఎక్కడో మాడుగుల కొండలు, పాడేరు ఘాట్ రోడ్డు, మోదకొండమ్మ గుడి. శారద నది అక్కడే పుట్టి, రైవాడ జలాశయంలో ఆగి, చోడవరం, అనకాపల్లి చెరుకు పొలాల పక్కగా వచ్చి, రాంబిల్లి వైపు ఈ సముద్రంలోనే కలుస్తుంది. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లు కిందికి పోవడమే చూశావు. అవి చేరే చోట నిలబడి కొండని చూడటం ఇదే.

ఎంతసేపు చూశావో. ఇంకో ముక్క నోట్లో పెట్టుకుని తలెత్తితే కొండలు లేవు.

పొగగొట్టాలూ లేవు.

రాత్రి నేల మీద పుట్టిన మంచుని కొండగాలి సముద్రం మీదికి తోలుకొస్తోంది. ఒడ్డు వైపు నుంచి తెల్లగా, నేలబారుగా వస్తోంది. ఎండ ఎక్కితే కరిగిపోతుంది. కానీ ఎండ ఎక్కడానికి ఇంకా గంట పైన పడుతుంది. చూస్తుండగానే చెంపలు తడిశాయి. ముక్కున కట్టిన నీళ్ల డబ్బా మసకబారింది. బోటు ఒక్కటే మిగిలింది.

ఉండాలా, వెళ్లాలా?

ఉంటే మంచు విడిపోయేదాకా కొట్టుకుపోతూ ఉండాలి. వెళ్తే కనపడకుండా వెళ్లాలి. దిక్సూచి ఉంది. వాయవ్యానికి పట్టుకుంటే ఒడ్డు తప్పిపోదు. మెల్లగా వెళ్దాం అనుకుంటావు. ఇంజను లాగుతావు. మొదటి లాగుకే అంటుకుంది. నడక వేగం. చెవులు ముందుకి పెట్టి.

అప్పుడు వినిపించింది.

లోతైన, పొడుగాటి మోత. నాలుగైదు సెకన్లు. ఆగింది.

ఓడ. మంచులో నడిచే ఓడ రెండు నిమిషాలకి మించకుండా ఒక్కో పొడుగు హారన్ వెయ్యాలి. గంగవరానికి వెళ్లేదో, వచ్చేదో. ఎటువైపు? కుడి అనిపించింది. మంచులో చప్పుడు దిక్కు మారుస్తుంది, చెవిని నమ్మలేవు. నీ బోటు ఫైబర్. రాడార్‌లో సరిగ్గా కనపడదు. ఓడ పైనున్నవాడికి ముక్కు కింద వందల మీటర్ల దాకా నీళ్లే కనిపించవు.

అవతలికి పోవాలి. కొంచెం రేజ్ చెయ్యి.

బోటు వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టు ఆగింది. ఇంజను గుక్కపట్టింది. చచ్చింది.

చప్పుడు లేదు.

వెనక్కి వంగి చూడు. ఫ్యాన్ చుట్టూ ఆకుపచ్చ నైలాన్. ఎప్పుడో తెగి కొట్టుకొస్తున్న వలముక్క. దానికి చూపుడువేలంత తాడు. మూడు చుట్లు. బిగుసుకుపోయింది.

హారన్. ఇందాకటి కంటే పెద్దగా.

రెండు నిమిషాలు. ఓడ మెల్లగా వస్తున్నా రెండు నిమిషాల్లో అర కిలోమీటరు వస్తుంది.

ముందు వైర్‌లెస్సా, కత్తా? వైర్‌లెస్. చెయ్యి వణికినా గొంతు వణక్కూడదు. పూడిమడకకి ఆగ్నేయంగా పది కిలోమీటర్లు, చిన్న బోటు, ఇంజను ఆగింది, మీ దారిలో ఉన్నాను. ఓడల భాష ఇంగ్లిష్. రెండుసార్లు చెప్పు. మీట వదులు. గరగర. ఏదో గొంతు. అర్థం కాలేదు.

ఇక కత్తి.

ఆగు. స్విచ్చి తాడు తీసెయ్యి. ఇప్పుడు ఇంజను అంటుకుంటే వేళ్లు పోతాయి. గేరు న్యూట్రల్. ఇంజను పైకెత్తు. ఎత్తినా ఫ్యాన్ సగం నీళ్లలోనే. వంగాలి. పొట్ట అంచు మీద ఆనించు. ఇంజను ఆగిన బోటు గాలికి నీ ఈతకన్నా వేగంగా పోతుంది. పడకు అన్నాడు తాత. లంగరు తాడు నడుముకి చుట్టి ముడి వెయ్యి. వంగు.

చేతులు నీళ్లలోకి వెళ్లాయి. నీలం నీళ్లు. కింద ఏముందో ఆలోచించకు.

ఫ్యాన్ వెనక్కి తిప్పు. కదలదు. మళ్లీ. కదలదు. తాడు కొయ్యి. నైలాన్ జారుతోంది. కత్తి రంపంలా లాగు. ఒక పోగు. రెండో పోగు. ఉప్పునీళ్లు కళ్లలో.

హారన్.

ఛాతీలో మోగింది. దగ్గర. చాలా దగ్గర.

కొయ్యి. తెగింది. ఒక చుట్టు. తిప్పు. రెండోది వదిలింది. కత్తి జారింది. దానికి కట్టిన తాడుకి వేలాడుతోంది. అందుకో. వద్దు. చేత్తో పీకు. పీకు. వచ్చింది!

ఇంజను దించు. ఎర్రతాడు. లాగు.

లేదు.

లాగు.

లేదు. గేరు? న్యూట్రల్. మరి? స్విచ్చి. ఎర్రతాడు కొస స్విచ్చికి సరిగ్గా కూర్చోలేదు. నొక్కు. టక్. లాగు.

అంటుకుంది.

ఎటు?

చెవి కుడి అంటోంది. కన్ను వెతుకుతోంది. తెల్లగా. అంతా తెల్లగా. అక్కడ. ఎడమవైపు నీటి మీద ఇంకో తెలుపు. కదిలే తెలుపు. ఓడ ముక్కు చీలుస్తున్న నురగ. దాని పైన ఎర్రరంగు. ఆ పైన నల్లటి ఇనుము, ఎక్కడ ఆగుతుందో కనిపించనంత ఎత్తు.

దానికి ఎదురు కాదు. దానితో సమంగా కాదు. అడ్డంగా, అవతలికి. హ్యాండిల్ తోయ్. పూర్తిగా రేజ్. ముక్కు లేచింది. దిగు. దిగు. ముందుకి వంగు. దిగింది. పరుగు.

వెనక్కి చూడకు. చూశావు. ఇనుము నువ్వు ఉన్నచోటు మీదుగా వెళ్తోంది. దాని పొడవు అయిపోవడం లేదు. ఇంజను మోత నీళ్లలోంచి బోటు అడుగుకి, అడుగు నుంచి నీ కాళ్లకి వస్తోంది. తర్వాత దాని వెనక అల. అది వస్తుందని మర్చిపోకు. రేజ్ తగ్గించు. ముక్కు అటు తిప్పు. లేచింది. పడింది. ఇంకొకటి. ఇంకొకటి.

అయిపోయింది.

హారన్ మళ్లీ మోగింది. ఈసారి దూరం నుంచి.

ఇంజను న్యూట్రల్‌లో పెట్టి కూర్చుంటావు. చేతులు వణుకుతున్నాయి, వణకనిస్తావు. చూపుడువేలు కోసుకుంది, ఎప్పుడో తెలియదు. నీళ్లు తాగుతావు. అరలీటరు నీళ్లు ఇంత రుచిగా ఉంటాయని ఇంతవరకూ తెలియదు. భయపడ్డావు. కానీ ఆ రెండు నిమిషాల్లో ఏది ముందో, ఏది తర్వాతో నీ చేతులు వరసగా చేసుకుంటూ పోయాయి. స్విచ్చి దగ్గర తడబడ్డాయి, మళ్లీ సర్దుకున్నాయి. ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఇందాక బోటు నీటి మీదికి లేచినప్పటి ఆనందం కన్నా ఇది లోపలిది, చాలాకాలం ఉండేది. ప్రమాదం కోసం ఎవరూ రాకూడదు. కానీ సర్ది పెట్టుకున్న కత్తి, కట్టుకున్న తాడు, చెప్పి వచ్చిన సమయం, ఇవన్నీ పనికొచ్చిన రోజున మనిషికి తన మీద తనకి కలిగే నమ్మకం గొప్పది.

కోసిన వలముక్క పక్కనే తేలుతోంది. వదిలేసి వెళ్లొచ్చు. వెళ్లకు. ఇందాకటి తాబేలు ఊపిరికి పైకి రావాలి, ఇందులో చిక్కుకుంటే రాలేదు. ముందు ఇంజను ఆపు. రెండు చేతులతో లాగి బోటులో పడెయ్యి. తడిసి బరువుగా ఉంది, చచ్చిన పీతలు రెండు వచ్చాయి దానితో. ఓడలకి దీనివల్ల ఏమీ కాదు, కానీ వెనకాల వచ్చే ఇంజను తెప్పకి ఫ్యాన్ ఆగిపోతుంది.

ఎండ ఎక్కుతోంది. మంచు పైనుంచి పలచబడి, ముందు ఆకాశం, తర్వాత పొగగొట్టాల కొసలు వచ్చాయి. వాయవ్యానికి తిప్పు. కొండగాలి తగ్గిపోయింది, సముద్రం నూనె పూసినంత నున్నగా ఉంది. ఈసారి పూర్తి వేగం అక్కర్లేదు. బోటు నీటి మీద నిలబడి ఉండేంత మాత్రం రేజ్ చాలు, పెట్రోలూ తక్కువ తాగుతుంది. ధార చిమ్ముతోందా? చిమ్ముతోంది.

ఒడ్డు దగ్గర చివరి పని మిగిలింది. వెళ్లేటప్పుడు కెరటాలు ఎదురొచ్చాయి, కనిపించాయి. వచ్చేటప్పుడు వెనక నుంచి వస్తాయి. ఇక్కడ నుంచి వాటి వీపులే కనిపిస్తాయి, ఎంత గట్టిగా విరుగుతున్నాయో తెలియదు. బయటే ఆగు. చూడు. ఒక గుంపు వెళ్లనీ. ఆఖరిది కింద నుంచి దాటగానే దాని వీపు ఎక్కు. ముందుకి దూకకు. దాని ముఖం మీదికి జారితే ముక్కు గుచ్చుకుని బోటు అడ్డం తిరుగుతుంది. వెనకబడకు. వెనకబడితే తర్వాతది నెత్తిన విరుగుతుంది. దాని వేగమే నీ వేగం. పిడి మీద వేళ్లు కాస్త ఎక్కువ, కాస్త తక్కువ. ముందు అది విరిగింది, నురగ పరుచుకుంది. నువ్వు నురగ మీద ఉన్నావు.

ఇప్పుడు ఇంజను ఆపు. పైకెత్తు. ఇసుక తగిలింది. దూకు, ముక్కు పట్టుకో.

అప్పుడే వేట నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు పరిగెత్తుకొచ్చి అటూ ఇటూ పట్టుకుంటారు. "ఐలెస్సా!" తో బోటు పొడి ఇసుక మీదికి వచ్చేసింది. వాళ్ల తెప్పలో కానాగంతలు మెరుస్తున్నాయి. నీ బోటులో వలముక్క ఒకటే ఉంది. ఒక కుర్రాడు దాన్ని కాలితో కదిపి చూసి, ఫ్యాన్ వైపు చూసి, నీ వేలు చూసి, ఏమీ అడగడు.

స్నేహితుడికి ఫోన్ చెయ్యి. వచ్చేశాను అని చెప్పు. పదికి ఇంకా పావుగంట ఉంది.

తర్వాత బోరింగు దగ్గర నుంచి డ్రమ్ములో మంచినీళ్లు తెచ్చి ఇంజను అందులో దించి పది నిమిషాలు నడపాలి. లోపలి సన్నటి దారుల్లో ఉప్పు ఉండిపోతే లోహాన్ని తినేస్తుంది, ఒకరోజు ఆ నీటిధార ఆగిపోతుంది. స్విచ్చి కొస విప్పి తుడవాలి, ఇందాక కూర్చోనిది ఎందుకో చూడాలి. సన్నటి ఇసుక రేణువు దొరికింది. కత్తి కడిగి నూనె రాయాలి. ఇన్‌కాయిస్ సూచన తెరిస్తే రేపు కెరటం మీటరున్నర, ఎల్లుండి మళ్లీ మీటరు లోపు. ట్యాంకు ఎత్తి ఊపి చూస్తావు. సగానికి పైనే ఉంది. ఎల్లుండికి ఇంకో పది లీటర్లు పోస్తే చాలు.